పాత నాణెం దొరికింది... తోమాలా, అలాగే ఉంచాలా?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు పాత నాణేల గురించే ఉన్నాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా చెనక్కాయ చేలో మా అబ్బాయి మెటల్ డిటెక్టరుతో వెతికితే మూడు రాగి నాణేలు దొరికాయి. నిండా ఎర్రమట్టి, దాని కింద పచ్చని చిలుము. చింతపండు పెట్టి తోమితే తళతళలాడతాయని మా ఇంట్లోవాళ్ళు అంటున్నారు. తోమొచ్చా?
– ఒక రైతు, పాకాల మండలం

తోమొద్దండి. చింతపండే కాదు, నిమ్మకాయ, వెనిగరు, ఇత్తడి సామాను తోమే పొడి, టూత్‌పేస్టు, ఏదీ వద్దు.

ఇంట్లో చెంబు మీద చిలుము నాలుగు రోజుల్లో పైపైన పడుతుంది. వందేళ్ళు మట్టిలో ఉన్న నాణెం సంగతి వేరు. దాని పైభాగంలోని రాగే కొద్దికొద్దిగా మారి చిలుము అయింది. ముద్ర కొట్టినప్పుడు పడిన అక్షరాలు, బొమ్మ, అంచుల చుక్కలు ఇప్పుడు ఉన్నది ఆ పొరలోనే. దాని అడుగున ఎర్రటి రాగి ఆక్సైడు ఉంటుంది, ఇంకా కిందికి పోతే గుంటలు పడిన రాగి. చింతపండు పులుపు పై రెండు పొరలనూ కరిగించేస్తుంది. మిగిలేది గులాబీ రంగులో గరుకుగా ఉండే బిళ్ళ. సంవత్సరం పోతుంది, రాజుగారి పేరు పోతుంది. ఒకసారి పోయిన పొరను ఏ మందూ తిరిగి తేలేదు.

కాబట్టి తియ్యాల్సింది మట్టి, ఉంచాల్సింది చిలుము. ముందు రెండు వైపులా ఫొటో తీయండి. బంగారం తూచే చిన్న డిజిటల్ కాటాలో 0.01 గ్రాము దాకా బరువు చూడండి, అడ్డం ఎంతో కొలిచి రాసుకోండి. నాణెం ఏదో తెలియడానికి ఇది చాలాసార్లు శుభ్రం చేయడం కన్నా ఎక్కువ పనికొస్తుంది. ఉదాహరణకు అంగుళం అడ్డం ఉన్న కాణీ, అంటే పావు అణా, 6.47 గ్రాముల దగ్గర తూగితే అది స్వచ్ఛమైన రాగితో చేసిన పాత రకం. 4.86 గ్రాములైతే 1906లో మొదలైన కంచు రకం. మట్టిలో అరిగింది కనుక ఆ అంకెల కంటే కాస్త తగ్గొచ్చు, పెరగడం మాత్రం మట్టి పేరుకుంటేనే.

తర్వాత ఒక్కో నాణేన్ని వేరు వేరు గాజు గిన్నెలో వేసి, మునిగేలా డిస్టిల్డ్ వాటర్ పోయండి. బ్యాటరీ షాపులో, పెట్రోలు బంకులో దొరికే బ్యాటరీ నీళ్ళు సరిపోతాయి. డబ్బా మీద డీమినరలైజ్డ్ అనో డిస్టిల్డ్ అనో రాసి ఉందో లేదో చూసుకోండి. అక్కడే బ్యాటరీ యాసిడ్ కూడా అమ్ముతారు, ఒకటనుకొని ఇంకొకటి తేకండి. బోరు నీళ్ళు వద్దు, మన వైపు బోర్లలో ఉప్పు శాతం ఎక్కువ. ఆ ఉప్పులోని క్లోరైడే రాగికి అసలు శత్రువు. మొదటి రోజు నీళ్ళు ఎర్రగా మారతాయి, మర్నాడు పారబోసి మార్చండి. అక్కడినుంచి మూడు రోజులకోసారి మారిస్తే చాలు. రెండు వారాలు పట్టొచ్చు, గట్టి మట్టి అయితే నెల పడుతుంది. తొందరపడి గోటితో గీకితేనే అంతా చెడుతుంది.

మట్టి నానాక పసిపిల్లల టూత్‌బ్రష్ తడిపి పైన తట్టినట్టు ఆడించండి, రుద్దొద్దు. అక్షరాల సందుల్లో ఇరుక్కున్నదానికి పళ్ళపుల్ల, అది లొంగకపోతే తుమ్మముల్లు. ముల్లు చిలుము కంటే మెత్తన, ఎండిన మట్టి కంటే గట్టి, అందుకే గుండుసూది కన్నా అది మేలు. పదింతలు పెద్దగా చూపే భూతద్దం కింద, ముల్లును నిలువుగా గుచ్చకుండా పడుకోబెట్టి పక్కకు నెట్టండి. మట్టి పెళ్ళ లేస్తే దాని అడుగున నున్నటి పచ్చ కనిపించాలి. ముల్లు మొనకు పచ్చపొడి అంటుకుంటున్నా, గులాబీ రంగు తేలుతున్నా అక్కడే ఆపేయండి. మట్టి ఇంకా ఉంటే మళ్ళీ నీళ్ళలో వేయడమే. పొడిగా ఉన్నప్పుడు గీకితే పైపొర మట్టితోపాటే ఊడి వస్తుంది.

చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాలులో పది నిమిషాలు ఉంచి, మెత్తటి కాగితం మీద నీడలో రెండు రోజులు ఆరబెట్టండి. చాలామంది ఆలివ్ నూనెలో నెలల తరబడి నానబెట్టమంటారు. నూనెలోని ఆమ్లం నెమ్మదిగానైనా చిలుమును తింటుంది, రంగు మారుస్తుంది. కొబ్బరినూనె, వేరుశనగనూనె అయితే ముక్కిపోయి జిగురు కడతాయి. మాకు ఏ నూనె మీదా నమ్మకం లేదు.

మూడింటిలో ఒకటి బాగా అరిగిపోయి, ఏమీ కనిపించకుండా ఉంటే చేయి తిరగడానికి ముందు దాని మీద మొదలుపెట్టండి. ఏనుగు బొమ్మ ఉంటే టిప్పు సుల్తాన్ పైసా కావొచ్చు, గరుడుడు ఉండి వెనక నాగరి అక్షరాలుంటే కృష్ణరాయల రాగి నాణెం కావొచ్చు. ఏనుగు విజయనగరం నాణేల మీద కూడా ఉంటుంది కనుక వెనకవైపు తేలేదాకా పేరు పెట్టకండి. అలాంటిది చేతికొస్తే నీళ్ళ దగ్గరే ఆగండి.

ప్రశ్న: నా దగ్గరున్న ఒక రాగి నాణెం మీద లేత ఆకుపచ్చ పొడి వస్తోంది. తుడిస్తే పోతుంది, పది రోజులకు మళ్ళీ అక్కడే పొంగుతుంది. ఇది మామూలు చిలుమేనా?
– పాఠకురాలు, చిత్తూరు

కాదమ్మా. మంచి చిలుము గట్టిగా, నున్నగా, కదలకుండా ఉంటుంది. ముదురు పచ్చ, గోధుమ, నలుపు ఏదైనా కావొచ్చు. మీరు చెప్పినది లేతగా, సున్నంలాగా పొడిపొడిగా, చుక్కలు చుక్కలుగా ఉంటుంది. దీన్ని నాణేలవాళ్ళు బ్రాంజ్ డిసీజ్ అంటారు. మట్టిలో ఉన్నప్పుడు ఉప్పు లోపలికి దిగి, రాగితో కలిసి క్యూప్రస్ క్లోరైడుగా దాగి ఉంటుంది. తేమ, గాలి తగలగానే అది లేతపచ్చ పొడిగానూ, హైడ్రోక్లోరిక్ ఆమ్లంగానూ విడిపోతుంది. ఆ ఆమ్లం కొత్త రాగిని తిని మళ్ళీ క్లోరైడును పుట్టిస్తుంది. ఇలా తిరిగి తిరిగి నాణేనికి చిల్లులు పడేదాకా పోతుంది. అందుకే మీరు తుడిచినా ఆగడం లేదు.

ఉప్పు ఎక్కడిదంటారా? పొలాల్లో వేసే మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ అంటే పొటాషియం క్లోరైడే. ఏళ్ళ తరబడి ఎరువు పడ్డ చెరకు మడిలో దొరికిన నాణేనికి ఈ జబ్బు వచ్చే అవకాశం బీడు భూమిలో దొరికినదానికన్నా ఎక్కువ. చేతి చెమటలోనూ ఉప్పే ఉంది, కనుక నాణేన్ని అంచులు పట్టుకునే చూడాలి.

అనుమానం తీరాలంటే మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో తడి దూది పెట్టి, దానికి తగలకుండా నాణేన్ని చిన్న మూత మీద ఉంచి రెండు రోజులు చూడండి. కొత్తగా పచ్చపొడి పొంగితే జబ్బే. ఏమీ రాకపోతే ఇంకొన్నాళ్ళు గమనిస్తే చాలు.

జబ్బే అయితే మాత్రం చేయి పెట్టక తప్పదు. దొరికిన నాణేల విషయంలో, వదిలేయడం కన్నా ముట్టుకోవడమే మంచిదని మేము చెప్పే సందర్భం దాదాపు ఇదొక్కటే. ముందు భూతద్దం కింద ముల్లుతో ఆ చుక్కల్లోని పొడినంతా తీసేయండి, పొడి పీల్చకుండా ముక్కుకు గుడ్డ కట్టుకోండి. తర్వాత ఒక లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో నీరులేని సోడియం కార్బనేటు 23 గ్రాములు, వంటసోడా 19 గ్రాములు కలపండి. పలుకుల్లాంటి చాకలిసోడా దొరికితే, దాన్లో సగానికి పైగా నీరే కనుక, 23కు బదులు 63 గ్రాములు వేయాలి. నాణేన్ని ఇందులో ముంచి వారానికోసారి ద్రావణం మార్చండి. తక్కువలో తక్కువ నెలన్నర ఉంచాలి. క్లోరైడు మెల్లగా బయటికొస్తుంది. ఈ ద్రావణం పచ్చదనాన్ని కాస్త నల్లబరచొచ్చు, ఆ నష్టానికి సిద్ధపడే చేయాలి. ఆ తర్వాత రెండు మూడు వారాలు ఉత్త డిస్టిల్డ్ వాటర్‌లో, మూడు రోజులకోసారి మారుస్తూ ఉంచి, ఆల్కహాలులో ముంచి బాగా ఆరబెట్టండి. మళ్ళీ తడి దూది పరీక్ష పెట్టండి. పొడి వస్తే మళ్ళీ మొదటికి.

బెంజోట్రయజోల్ అనే రసాయనం గురించి విని ఉంటారు. మ్యూజియం వాళ్ళు వాడతారు, ఒంటికి మంచిది కాదు, ఇంట్లో వద్దు.

నయమైన నాణేన్ని కూడా పొడిగానే ఉంచాలి. గాలిలో తేమ 40 శాతం దాటకపోతే ఆ క్లోరైడు కదలదు. తిరుపతి, చిత్తూరుల్లో ఎండాకాలం పగలు ఫరవాలేదు గానీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో బీరువాలో కూడా తేమ నిలుస్తుంది. గట్టి మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో పెట్టండి. రంగు మారే రకం తీసుకుంటే ఎప్పుడు వేడి చేసి ఆరబెట్టాలో తెలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న నాణేలను ఈ డబ్బాలో కలపకండి.

ప్రశ్న: మా నాయనమ్మ శ్రీవారికి ముడుపు కట్టి ఉంచిన పసుపుగుడ్డలో ఐదు వెండి రూపాయలున్నాయి. నల్లబడ్డాయి, పసుపు అంటింది. విభూతితో తోముదామనుకుంటున్నాం.
– తిరుపతి నుంచి ఒక కుటుంబం

ముడుపు హుండీలో వేసేదే అయితే ఉన్నవి ఉన్నట్టు సమర్పించండి, వాటికి ఏ శుభ్రతా అక్కర్లేదు. ఇంట్లో గుర్తుగా ఉంచుకోవాలనుకుంటే విభూతి, పళ్ళపొడి మాత్రం వద్దు. రెండింటిలోనూ సన్నటి గరుకు ఉంటుంది. వెండి మీద వెంట్రుకల్లాంటి గీతలు పడతాయి, వెలుగులో తిప్పి చూస్తే అవే మెరుస్తాయి.

పసుపు రంగు నీళ్ళకు పోదు, ఆల్కహాలుకు పోతుంది. చిన్న గాజు గిన్నెలో ఐసోప్రొపైల్ ఆల్కహాలు పోసి పది నిమిషాలు ఉంచండి. ద్రవం పసుపుపచ్చగా మారితే పారబోసి మళ్ళీ పోయండి, రంగు దిగడం ఆగేదాకా. పొయ్యి, దీపం దగ్గర ఈ పని చేయకండి.

నలుపు సంగతి వేరు. అది వెండి గాలిలోని గంధకంతో కలిసి కట్టిన పలుచటి పొర. అంతటా సమానంగా, నీలంబూడిద రంగులో ఉంటే సేకరించేవాళ్ళు దాన్నే ఇష్టపడతారు, నాణేన్ని కాపాడేదీ అదే. మా మాట వింటే అలాగే ఉంచండి. మెరవాల్సిందే అనుకుంటే ఐదింటిలో ఒక్కదానితో చూడండి: గాజు గిన్నె అడుగున అల్యూమినియం ఫాయిల్ పరిచి, నాణెం దానికి తగిలేలా పెట్టి, అర లీటరు వేడినీళ్ళలో ఒక పెద్ద చెంచా వంటసోడా కలిపి పోయండి. ఒకటి రెండు నిమిషాల్లో నలుపు పోతుంది. ఇందులో వెండి అరగదు, గంధకం ఫాయిల్‌కు పోతుంది. కానీ పాత కళ పోయి సున్నం వేసినట్టు తెల్లబోతుంది, అది తిరిగి రాదు.

సంవత్సరం కూడా చూసుకోండి. 1939 దాకా రూపాయిలో 91.7 శాతం వెండి, బరువు 11.66 గ్రాములు. 1940 నుంచి సగమే వెండి, మిగతాది రాగి, నికెల్, జింకు. వాటికి ఫాయిల్ పద్ధతి చేస్తే మచ్చలు తేలతాయి. 1947 రూపాయైతే అసలు నికెలే. పసుపుగుడ్డను విడిగా మడిచి దాచుకోండి, నాణేలను మళ్ళీ అందులో కట్టకండి. రబ్బరు బ్యాండు అసలు వేయొద్దు, రబ్బరులో ఉండేది గంధకమే.

ప్రశ్న: ఇల్లు కట్టడానికి పునాది తీస్తుంటే చిన్న కుండ పగిలి, ముద్దగా అంటుకున్న నాణేలు బయటపడ్డాయి. విడదీసి కడిగి చూపిస్తే ధర ఎక్కువ వస్తుందని ఒకాయన అంటున్నాడు.
– పలమనేరు

విడదీయొద్దు, కడగొద్దు, ఆయన మాట వినొద్దు. ఇది శుభ్రం చేయడం గురించిన ప్రశ్న కాదు, చట్టం గురించినది. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దాగిన పది రూపాయలకు మించిన విలువగల వస్తువు ఏది దొరికినా, వీలైనంత త్వరగా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ఏం దొరికింది, సుమారు విలువ ఎంత, ఎక్కడ, ఏ తేదీన అన్నది అందులో ఉండాలి. మీది పలమనేరు కనుక చిత్తూరు కలెక్టరుకు, పాకాల, చంద్రగిరి వైపు వాళ్ళైతే తిరుపతి కలెక్టరుకు. తహశీల్దారు ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. దాచిపెడితే ఏడాది దాకా జైలు, జరిమానా లేదా రెండూ.

చెబితే చేతికేమీ రాదన్నది అపోహ. సొంతదారు ఎవరూ లేరని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవారికి ముప్పావు, భూమి యజమానికి పావు వంతు చెందుతుంది. ప్రభుత్వం తీసుకోదలిస్తే ఆ లోహం విలువకు అయిదో వంతు కలిపి చెల్లించాలి.

ముద్దను ముద్దగానే ఎందుకు ఉంచాలంటే, అందులో కలిసి ఉన్న నాణేల్లో అన్నిటికన్నా కొత్తదేదో తెలిస్తే కుండను ఏ కాలంలో పూడ్చారో తెలుస్తుంది. రాగి చిలుములో చుట్టిన గుడ్డ పోగుల ఆనవాళ్ళు కూడా నిలిచి ఉంటాయి. నీళ్ళు పోస్తే అవన్నీ పోతాయి. మట్టితో సహా మెత్తటి గుడ్డలో చుట్టి, పెంకులన్నీ ఏరి పెట్టి, ఎన్ని అడుగుల లోతో రాసి, గుంట ఫొటో తీయండి. అంతవరకే మీ పని.

డిటెక్టరు ఉన్న అందరికీ ఇంకో మాట. చంద్రగిరి కోట లాంటి రక్షిత కట్టడాల ఆవరణలో అనుమతి లేకుండా తవ్వడం నేరం. నూరేళ్ళు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం పురావస్తువు. దాని వ్యాపారానికి లైసెన్సు కావాలి, సొంతంగా విదేశాలకు పంపడం కుదరదు.

ప్రశ్న: సీసం రంగులో బరువుగా ఉన్న చిన్న నాణెం మీద తెల్లపొడి ఉంది. ఉప్పు అనుకుని కడగనా?
– శ్రీకాళహస్తి

అది సీసమే కావొచ్చు, శాతవాహనుల కాలంలో మన ప్రాంతాల్లో సీసపు నాణేలు బాగా వాడారు. తెల్లపొడి సీసం కార్బనేటు, విషం. చేతి తొడుగులు లేకుండా ముట్టొద్దు, పిల్లలకు దూరంగా పెట్టండి. వెనిగరు, కర్ర పెట్టెల నుంచి వచ్చే ఆవిరి కూడా సీసాన్ని తింటుంది కనుక చెక్క బీరువాలో కాక పాలిథీన్ కవరులో ఉంచండి. కడగొద్దు, మ్యూజియం వాళ్ళకు చూపించండి.

ప్రశ్న: ఫోను ఛార్జరుతో కరెంటు పెట్టి మట్టి ఊడగొట్టే వీడియోలు చూశాం. పనిచేస్తుందా?
– రేణిగుంట

ఊడుతుంది, చిలుముతో సహా. పైగా స్టీలు చెంచాను రెండో తీగకు తగిలిస్తే దాన్లోని క్రోమియం నీళ్ళలోకి దిగి విషమవుతుంది. చేయకండి.

ప్రశ్న: రాముడు, సీత బొమ్మలతో ఈస్టిండియా కంపెనీ 1818 హాఫ్ అణా ఉంది. నల్లగా ఉంది, శుభ్రం చేస్తే బియ్యపు గింజలను తనవైపు లాగే మహిమ దానికి ఉందో లేదో తెలుస్తుందని ఒకరు డబ్బు అడుగుతున్నారు.
– పుత్తూరు

డబ్బు ఇవ్వకండి. కంపెనీ హాఫ్ అణా నాణేలు ఆ రూపంలో రాలేదు. ఇవి తర్వాతి కాలంలో అమ్మకానికి చేసిన బిళ్ళలు, నలుపు కూడా పాతగా కనిపించడానికి పూసిందే. రాగి, ఇత్తడి, ఏ నాణెమూ బియ్యాన్ని లాగదు. ఆ మాట చెప్పి పరీక్షకని, కెమికల్‌కని, హామీకని డబ్బు గుంజడం పాత మోసం. ఆ మనిషి మళ్ళీ వస్తే దగ్గరి పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇవ్వండి, మీ దగ్గరున్న మెసేజులు చెరిపేయకండి.

ప్రశ్న: ప్లాస్టిక్ ఆల్బంలో పెట్టిన నాణేలకు పచ్చని జిగురు అంటుకుంది.
– తిరుచానూరు

ఆల్బం పీవీసీతో చేసినది. అందులోని మెత్తదనం తెచ్చే రసాయనం కారుతుంది. ల్యాబ్ షాపులో దొరికే శుద్ధమైన అసిటోనులో గాజు సీసాలో పావుగంట ఉంచి, మార్చి మరోసారి ఉంచండి. గోళ్ళరంగు తుడిచే ద్రవం వద్దు, దాన్లో నూనె, రంగు కలుస్తాయి. గాలి ఆడే చోట, మంటకు దూరంగా చేయండి. జిగురు పోయాక అడుగున లోహం తినేసి ఉంటే అది అలాగే ఉంటుంది. కొత్తగా కొనేటప్పుడు పాలియెస్టర్ కవర్లు అడగండి. నలిపితే కరకరమంటాయి, పీవీసీ మెత్తగా ఉండి కొత్త షవర్ కర్టెన్ వాసన వేస్తుంది. ఆ ఆల్బంలో నాణేలు ఇంకా ఉంటే, జిగురు కనిపించకపోయినా ఈ వారమే తీసేయండి.